వేలంపాటలో నాకు వచ్చిన అచ్చు

డబ్బు దగ్గర నేను గట్టిదాన్ని. పిసినారి అంటే ఒప్పుకోను గానీ, బేరమాడకుండా ఏదైనా కొనుక్కొస్తే ఆ పూట నాకు అన్నం సయించదు. మోండా మార్కెట్లో రెండు మూడు గిన్నెల దుకాణాల వాళ్ళు నాకు ధర చెప్పడం ఎప్పుడో మానేశారు. మీరెంతిస్తరో మీరే చెప్పుండ్రి అంటారు. మా ఆయన నాతో బజారుకు రాడు. ఎప్పుడైనా రాక తప్పకపోతే, నేను బేరమాడుతున్నంతసేపూ నాలుగు దుకాణాల అవతల నిలబడి, నేనెవరో తెలియనట్టు ఫోన్ చూసుకుంటాడు.

పెట్టిన డబ్బుకు న్యాయం చేసిన వస్తువులు మా ఇంట్లో బాగానే ఉన్నాయి. అల్వాల్‌కు మారిన కొత్తలో కొన్న పాత మిక్సీ ఒకటి. అమ్మినతనే ఏడాది నడిస్తే గొప్ప అన్నాడు, అది ఇప్పటికీ రోజూ అరుస్తూనే ఉంది. ఒక పెళ్ళిరోజుకు మా ఆయన చీర తెస్తాడని చూస్తుంటే, వంటగదిలో కూర్చోవడానికి ఎత్తు స్టూలు తెచ్చాడు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు మోకాళ్ళు సలుపుతుంటే దాని మీద కూర్చునే కూరలు తరుగుతున్నాను. చీరయితే ఈపాటికి దిండు గలేబు అయ్యేది. ఈ మాట ఆయనతో మాత్రం ఇంతవరకు అనలేదు.

కానీ అన్నిటికంటే గిట్టుబాటైన వస్తువేదని ఎవరైనా అడిగితే, నేను చెప్పాల్సింది ఒక ఇనుప అచ్చు గురించి. క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు చేసే అచ్చు. దాన్ని తలుచుకుంటే మనసు ఎంత మురిసిపోతుందో, అంతగానూ పీకుతుంది. పక్కవాళ్ళ సొమ్ము తింటున్నట్టే ఉంటుంది.

గులాబీ పువ్వులు చేసినవాళ్ళకు తెలుసు, అచ్చు మంచిదైతే సగం పని అయినట్టే. బియ్యప్పిండి, గుడ్లు, కొబ్బరిపాలు, పంచదార కలిపి పిండి జారుగా చేసుకుంటాం. అచ్చును నూనెలో కాల్చి, అంచు మునగకుండా పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విచ్చుకుని అచ్చును వదిలి తేలాలి. నా దగ్గర అది ఎప్పుడూ వదల్లేదు. పెళ్ళికి మా అమ్మ ఇచ్చిన అచ్చు మొండిది. చాకుతో పొడిచి, చెక్కి, రేకలు విరగ్గొట్టి తీసేదాన్ని. మా ఇంటి పువ్వుల్ని మా ఆయన క్రిస్మస్ పొడి అనేవాడు. చర్చిలో అందరూ ప్లేట్లు పంచుకుంటుంటే నేను మాత్రం బేకరీ కేకు ముక్కలు పంచేదాన్ని.

ఇక వేలంపాట సంగతి. మాది గుంటూరు వైపు. మా ఊళ్ళో కోత పండుగంటే నిజంగా కోత పండుగే. పొలమున్నవాళ్ళు వడ్ల బస్తా, లేనివాళ్ళు పెరట్లో కాసిన సొరకాయో, కోడిపుంజో తెచ్చి దేవునికి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సికింద్రాబాద్‌లో మా చర్చి వాళ్ళకు పొలాలెక్కడివి? తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయి గుమ్మడికాయలు, చెరుకు గడలు, అరటి గెలలు కొనుక్కొచ్చి, వాటిని అర్పించి, మళ్ళీ వాటినే వేలంలో కొనుక్కుంటారు. మొదటి ఏడాది నాకు నవ్వాగలేదు. ఒక పెద్దమనిషి మామూలు గుమ్మడికాయను వెయ్యి రూపాయలకు పాడి, రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించి, పక్కింటావిడకు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. అక్కడ ఎక్కువ పెట్టి కొనడమే మర్యాద, ఆ డబ్బంతా చర్చి పనులకే పోతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. కానీ వేలమనే మాట వినగానే నాలోని బేరగత్తె లేచి కూర్చుంటుంది.

మేం ఆ చర్చిలో చేరిన రెండో ఏడు కోత పండుగ నాడు, కూరగాయలూ కోళ్ళూ అయిపోయాక, వేలం వేసే కమిటీ పెద్ద ఒక తెల్ల గుడ్డ మూట విప్పాడు. లోపల గులాబీ పువ్వుల అచ్చు. పాతది, బరువైనది, పొడుగు కాడ. కొయ్య పిడి చేతుల రాపిడికి నున్నగా నల్లబడింది. అది టీచరమ్మ గారు ఇచ్చిందని ఆయన చెప్పాడు. టీచరమ్మ గారంటే మా సండే స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన పెద్దావిడ. చర్చిలో సగం మంది ఆమె దగ్గర బైబిలు వచనాలు నేర్చుకున్నవాళ్ళే. రెండేళ్ళుగా ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు ముందు వరుసలో కూర్చుని ఉంది.

నేను మూడొందలు అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. కమిటీ పెద్ద హాలంతా కలియజూశాడు, వంటల షెడ్డు వైపు తలుపుకేసి చూశాడు, దగ్గాడు. ఇంకెవ్వరన్న ఉన్నరా అని అడిగి, మళ్ళీ అడిగాడు. ఎక్కడ ఎవరు నోరు విప్పుతారో అని నేను చుట్టూ చూశాను. చివరికి ఆయన ఇష్టం లేనట్టుగానే నా పేరున కొట్టేశాడు. పాత ఇనుమంటే ఈ పట్నం వాళ్ళకు చులకన, విలువ తెలియదు అనుకున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. భోజనాల దగ్గర లైన్లో నిలబడి కనబడిన వాళ్ళందరికీ అచ్చు చూపించాను. మూడొందలకే వచ్చిందని, బజార్లో ఇలాంటిది వేలు పోసినా దొరకదని చెప్పాను. అందరూ నవ్వారు గానీ, ఎవరూ గట్టిగా నవ్వలేదు. బిర్యానీ వడ్డిస్తున్న అమ్మాయికీ చూపించాను. ఆమె గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మంచిదక్కా అని, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. ఆమె టీచరమ్మ గారి కోడలని నాకప్పటికి తెలియదు.

ఆ డిసెంబరులో మొదటిసారి ఆ అచ్చును నూనెలో పెట్టినప్పుడు చాకు కూడా దగ్గర పెట్టుకున్నాను. అవసరం రాలేదు. పువ్వు విచ్చుకుంది, చిన్నగా కదిపితే జారిపోయింది. రెండోదీ అంతే. పదో పువ్వుకు వచ్చేసరికి నేను పాటలు పాడుతున్నాను. డబ్బా నిండింది, ఇంకో డబ్బా నిండింది. మా ఆయన ఒకటి తిని, ఇది బయట కొన్నావా అని అడిగాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మెచ్చుకోలు అదే అనుకుని సర్దుకున్నాను. ఆఫీసులో పంచాను, కింది వాటా వాళ్ళకు పంపాను, క్రిస్మస్ ముందు ఆదివారం పెద్ద పళ్ళెం నిండా పేర్చుకుని చర్చికి తీసుకెళ్ళాను.

టీచరమ్మ గారికి నేనే స్వయంగా ఇచ్చాను. ఆమె పువ్వును వణుకుతున్న వేళ్ళతో తిప్పి తిప్పి చూసింది. సగం తిని, మిగతా సగం రుమాలులో చుట్టుకుంది.

"మంచిగొచ్చినయ్ బిడ్డా," అంది. "అచ్చు నీ మాట వింటున్నది."

నేను పొంగిపోయాను. ఆ పొంగు పాస్టరు గారి భార్య నన్ను పక్కకు పిలిచేవరకే. ఆవిడ నన్ను నొప్పించకుండా, మెల్లగా చెప్పింది. ఇక్కడి పాత కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉందట. పెద్దవాళ్ళు ఒక పని చేయలేని వయసుకు వచ్చినప్పుడు, ఆ పని చేసిన వస్తువును కృతజ్ఞతగా కోత పండుగ నాడు దేవునికి ఇచ్చేస్తారు. కుట్టుమిషను కావచ్చు, హార్మోనియం కావచ్చు. వేలంలో ఆ ఇంటివాళ్ళే, కొడుకో కోడలో, దాన్ని పెద్ద మొత్తానికి పాడి మళ్ళీ ఇంటికి తీసుకుపోతారు. అంటే ఆ పని ఇక మేం చేస్తామని అందరి ముందు ఒప్పుకున్నట్టు. అందుకే బయటివాళ్ళు ఎవరూ నోరు తెరవరు. ఆ రోజు హాలంతా కోడలి గొంతు కోసం ఎదురుచూస్తూ ఉందట. నేను తప్ప.

నేను చులకన అనుకున్నది మర్యాద. పైగా మూడొందలకే కొట్టేశానని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. ఆవిడ ఇంకో సంగతి కూడా చెప్పింది. కోడలు కావాలనే పాడలేదని టీచరమ్మ గారు మనసులో పెట్టుకుందట. చేతులు పోయినంక నా వస్తువు సుత వద్దయింది అని ఒకసారి తన దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకుందట. అప్పటినుంచి అందరితో కలిసి తినడం మానేసి, కంచం తన గదికే తెప్పించుకుంటోందట. కోడలు తాను షెడ్డులో ఉన్నానని, వినలేదని చెప్పినా నమ్మడం లేదట.

అదే రోజు అచ్చు తీసుకెళ్ళి ఇచ్చేసి ఉంటే నేను మంచిదాన్ని. ఇవ్వలేదు. పండుగ పూట వాళ్ళింట్లో గొడవ ఎందుకని ఒక వారం, జలుబు చేసిందని ఇంకో వారం. అసలు కారణం నాకు తెలుసు. ఇచ్చేస్తే మళ్ళీ నా వంటింట్లో క్రిస్మస్ పొడే. ఈ మధ్యలో ఒక పని కూడా చేశాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మార్కెట్లో కొత్త అచ్చు కొని, అది వాళ్ళకిచ్చి ఇది నేను ఉంచుకుంటే సరిపోతుందేమో అని ఆలోచించాను. కొత్తది తెచ్చి పువ్వు వేసి చూశాను, మొత్తం అచ్చుకే పట్టుకుంది. ఇలాంటిది ఆ పెద్దావిడ చేతిలో ఎలా పెడతానని మానుకున్నాను. మా ఆయన ఇదంతా చూస్తూ, నీ ముఖం చూస్తే దొంగసొత్తు దాచినట్టుంది, ఇచ్చిరారాదా అన్నాడు. ఆయనన్నది నిజమే కాబట్టి నాకు కోపం వచ్చింది.

జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం, అచ్చును అదే తెల్ల గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కోడలే తలుపు తీసింది. సంచి చూసింది, నా ముఖం చూసింది. వెనకాల తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

"అక్కా, లోపటికి పోకముందు ఒక్క మాట," అంది. "ఆ దినం నేను షెడ్డుల లేను. తలుపు ఎనకనే నిలబడ్డ. మీరు మూడొందలు అన్నది సుత విన్న."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ప్రతి డిసెంబరూ ఆఫీసు నుంచి వచ్చి, చీరయినా మార్చుకోకుండా పొయ్యి ముందు నిలబడేదట. చర్చి మొత్తానికి పువ్వులు. అత్తగారు పక్కన కుర్చీలో కూర్చుని విరిగినవి వేరు చేస్తూ ఉండేదట. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు చూపించింది. ఇంత చేసినా పళ్ళెం చర్చికి పోయాక, టీచరమ్మ పువ్వులంటే టీచరమ్మ పువ్వులే అనేవాళ్ళట అందరూ. ఒక్కరు కూడా ఒక్కసారైనా ఆమె పేరు ఎత్తలేదట.

"వేలంల పాడాలంటే నోరు రాలే," అంది. "పాడితే జిందగీ మొత్తం ఒప్పుకున్నట్టే గద. ఆమెను బాధ పెట్టాలని కాదక్కా. నేను వినలేదని మీరు చెప్తే నమ్ముతది. అచ్చు మాత్రం మీ దగ్గరనే ఉంచుకోండి."

ఆ క్షణంలో నాకు ముందు ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. సంతోషం వేసింది. ఆమె మీద జాలి తర్వాత వచ్చింది, అబద్ధం ఆడాలన్న భయం ఇంకా తర్వాత వచ్చింది. ముందు మాత్రం అచ్చు నాదే అన్న సంతోషం.

లోపల టీచరమ్మ గారు మంచం మీద కూర్చుని ఉంది. వందనాలు చెప్పి పక్కన కూర్చున్నాను. సంచి ఒళ్ళో ఉంది. వేరే ఊరిదాన్నని, ఇక్కడి పద్ధతి తెలియక పాడానని, అచ్చు తెచ్చానని, తీసుకోమని అన్నాను. సంచి విప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. దేవునికి ఇచ్చినదాన్ని మళ్ళీ ఊరకే తీసుకోవడం తప్పంది. తర్వాత తలుపు వైపు చూసి, నన్ను దగ్గరకు రమ్మంది.

"నువ్వు అక్కడ్నే ఉన్నవ్ గద బిడ్డా. నిజం చెప్పు. మా కోడలు విన్నదా?"

చిన్నప్పటినుంచి నేను సండే స్కూల్లో నేర్చుకున్న ఆజ్ఞలన్నీ ఆమెలాంటి వాళ్ళు నేర్పినవే. ఆమె కళ్ళలోకి చూసి, లేదండీ అన్నాను. కోడలు షెడ్డులో వడ్డనకు సర్దుతోందని, నేనే తొందరపడి పాడేశానని, విని ఉంటే నాకు వచ్చేదే కాదని చెప్పాను. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాను.

ఆమె ముఖంలో బిగువంతా సడలిపోయింది. కోడల్ని పిలిచింది. ఆమె వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, వణుకుతున్న చేత్తో తల నిమిరి, నిన్ను అనుమానపడ్డ బిడ్డా, మనసుల పెట్టుకోకు అంది. కోడలు భోరున ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత నిజమో నాకు తెలుసు కాబట్టి, నేను తల వంచుకుని సంచి గుడ్డ సర్దుకుంటూ కూర్చున్నాను. ఆ రాత్రి టీచరమ్మ గారు అందరితో కలిసి భోంచేసిందని తర్వాత విన్నాను. నేను బయలుదేరుతుంటే టీచరమ్మ గారు వచ్చే క్రిస్మస్‌కు ఇద్దరూ కలిసి చేయమంది. అచ్చు నీది, చెయ్యి మా కోడలిది అంది.

మొన్న డిసెంబరులో అలాగే చేశాం, అల్వాల్‌లో మా వంటింట్లోనే. టీచరమ్మ గారు కూడా వచ్చి ముందు గదిలో కూర్చుంది. కలిసి చేస్తే పని తేలికే. కోడలు ముంచితే నేను తీసేదాన్ని, నేను ముంచితే ఆమె తీసేది. వేడి తగ్గితే ఎలా తెలుస్తుందో, పిండి ఎంత జారుండాలో ఆమెకు నాకంటే ఎన్నో రెట్లు తెలుసు. కబుర్లలో పడి మంచి స్నేహితులం కూడా అయ్యాం. ఈలోగా చర్చిలో టీచరమ్మ గారు కనబడిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్తోంది. ఈసారి పువ్వులు మా కోడలివి, అంతకుముందూ కోడలే చేసింది, నేను ఊరకే పేరు పెట్టుకున్న అని. వేలం నాడు అది వింటే ఎంతకన్న పాడేది అని కూడా కలుపుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోము.

రెండో రోజు డబ్బాలు సర్దుతూ కోడలు ఉన్నట్టుండి చేతులు తుడుచుకుని నా దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఒకటడుగుత, ఏమనుకోకు. అచ్చు నాకిస్తవా? ఊరకే వద్దు, ఎంతన్న ఇచ్చి కొనుక్కుంట. అప్పుడు వద్దనుకున్న గని, ఇప్పుడు మా ఇంట్ల ఉంటే మంచిగుంటది అనిపిస్తున్నది."

అచ్చు నా చేతిలోనే ఉంది. నూనెలో పువ్వు అప్పుడే విచ్చుకుంటోంది. ఇవ్వాలి. ఇంకో మాట లేకుండా ఇవ్వాల్సిన వస్తువది. కొనుక్కుంటే తప్పేమీ లేదు, టీచరమ్మ గారికి అంతకన్నా సంతోషం ఉండదు. ఇదంతా నాకు తెలుసు. అయినా నా నోరు తనంతట తానే బేరం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇస్తే అత్తయ్య గారికి లేనిపోని అనుమానం రావచ్చని, ఆ రోజు సంగతి బయటపడితే కష్టమని, కొన్నాళ్ళు పోనిద్దామని అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తన కోసం ఆడిన అబద్ధాన్ని నేనిప్పుడు నా కోసం వాడుకుంటున్నానని ఆమెకు తెలిసిపోయింది. ఆ అబద్ధం ఆడమని అడిగింది తనే కాబట్టి ఏమీ అనలేకపోయింది. సరే అక్కా అని, పిండి గిన్నె నా వైపు జరిపింది.

ముందు గదిలోంచి టీచరమ్మ గారు, పువ్వులు ఎట్లొస్తున్నయ్ అని అడిగింది.

"మంచిగొస్తున్నయ్ అత్తమ్మా," అని ఆమే జవాబిచ్చింది.